గ్రాంట్ అయిపోతోంది, మా సర్టిఫికెట్ ప్రోగ్రామ్ ఎలా నిలబెట్టాలి? (కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ)

బే_ఏరియా_పంతులమ్మ:
అందరికీ నమస్తే. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్. నేను పగలు ఐటీ జాబ్, సాయంత్రాలు ఒక కాలేజీలో పార్ట్‌టైమ్ పాఠాలు చెప్తా. డేటా అనలిటిక్స్ సర్టిఫికెట్ చూసుకునే కోఆర్డినేటర్ మానేస్తే డీన్ గారు ఆ పని నా నెత్తిన పెట్టారు. తీరా చూస్తే మొత్తం స్ట్రాంగ్ వర్క్‌ఫోర్స్ (వృత్తి కోర్సులకి స్టేట్ ఇచ్చే గ్రాంట్) డబ్బు మీదే నడుస్తోంది, ట్యూటర్ జీతం, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, కోఆర్డినేటర్ స్టైపెండ్, ఆఖరికి రెండు సెక్షన్ల టీచర్ జీతాలు కూడా అందులోవే. జూన్ 30తో అది అయిపోతుంది. ఒక సెక్షన్‌లో 14 మందే ఉన్నారు, ఇలాగే ఉంటే వచ్చే టర్మ్ ఎత్తేస్తాం అంటున్నారు. క్లాసులో చాలామంది మనవాళ్ళే, హెచ్4 డిపెండెంట్ వీసా మీద వచ్చి ఏళ్ళ తరబడి ఇంట్లో ఉండిపోయినవాళ్ళు, వాళ్ళ మొహాలు చూస్తే వదిలేయబుద్ధి కావట్లేదు. పర్కిన్స్ (వృత్తి విద్యకి ఫెడరల్ గ్రాంట్) అడగమని ఒకరు, కాలేజీకి విరాళాలు సేకరించే ఫౌండేషన్‌ని అడగమని ఇంకొకరు. బాండ్ (ఓటర్లు ఒప్పుకున్న అప్పు) డబ్బుతో అంత పెద్ద బిల్డింగ్ కడుతున్నారు కదా, అందులోంచి కొంచెం ఇవ్వరా?

పద్దుల_పాపారావు:
బాండ్ సంగతి మర్చిపోండి మేడమ్. 2000లో ప్రాప్ 39 అనే ఓటర్ల తీర్మానం పాసైనప్పుడే ఆ డబ్బు బిల్డింగులకీ సామాన్లకీ తప్ప జీతాలకి వాడకూడదని రాసేశారు. ల్యాబ్‌కి కంప్యూటర్లు కావాలంటే అడగండి, ట్యూటర్ కావాలంటే కుదరదు.

నేను వేరే డిస్ట్రిక్ట్‌లో బడ్జెట్ ఆఫీసులో ఉంటా. ముందు ఆ రెండు సెక్షన్ల జీతాలు గ్రాంట్‌లోంచి బయటికి లాగించండి. ఆ పిల్లలు క్లాసులో కూర్చున్నందుకు స్టేట్ ఇచ్చే డబ్బు జనరల్ ఫండ్‌లో పడుతుంది, జీతం మాత్రం గ్రాంట్ ఖాతాలో రాస్తున్నారు, ఇదెక్కడి న్యాయం?

లెక్క ఇలా వేయండి. 525 గంటల హాజరు అంటే ఒక ఎఫ్‌టీఈఎస్ (ఒక ఫుల్‌టైమ్ విద్యార్థితో సమానం). 3 యూనిట్ల క్లాసు టర్మ్‌కి 54 గంటలు. 35 మంది ఉంటే 1,890 గంటలు, 3.6 ఎఫ్‌టీఈఎస్. స్టేట్ ఇచ్చే బేస్ రేటు ఒక్కో ఎఫ్‌టీఈఎస్‌కి 5,000 డాలర్ల పైనే కాబట్టి సెక్షన్ మీద 18,000 దాకా వస్తుంది. అదే 14 మంది అయితే 1.44, అంటే 7,200. పార్ట్‌టైమ్ టీచర్ జీతం, పైఖర్చులూ తీస్తే ఏం మిగులుతుందో మీకే తెలుస్తుంది, ఎత్తేస్తామనడానికి అదే కారణం. పైగా క్రెడిట్ ఎఫ్‌టీఈఎస్ మూడేళ్ళ సగటు మీద ఇస్తారు, ఈ ఏడు క్లాస్ నిండినా ఫలితం మెల్లగా కనిపిస్తుంది.

ఇంకోటి, 50 శాతం చట్టం. కాలేజీ నడిపే ఖర్చులో కనీసం సగం క్లాస్‌రూమ్ టీచర్ల జీతాలకి పోవాలి. గ్రాంట్ మీద ఇచ్చే జీతం ఆ లెక్కలోకి రాదు. జనరల్ ఫండ్‌లోకి మారిస్తే కాలేజీకే లాభం, వైస్ ప్రెసిడెంట్ దగ్గర ఈ మాట అనండి, చెవులు నిక్కబొడుచుకుంటాయి. కోఆర్డినేటర్‌కి ఇచ్చే రిలీజ్ టైమ్ (పాఠాల బదులు ఈ పని చేయడానికిచ్చే జీతపు గంటలు) మాత్రం టీచర్ల జీతాల వైపు పడదు, అందుకే అది ఇవ్వడానికి అంత గింజుకుంటారు.

పర్కిన్స్ అయినా స్ట్రాంగ్ వర్క్‌ఫోర్స్ అయినా కాలేజీ తన సొంత డబ్బుతో చేస్తున్న పనికి బదులుగా వాడకూడదు. కొత్తగా ఏదైనా పెట్టడానికో, ఉన్నదాన్ని మెరుగుపరచడానికో అడగాలి. పర్కిన్స్‌కి రెండేళ్ళకోసారి నీడ్స్ అసెస్‌మెంట్ (ఏ ప్రోగ్రామ్‌కి ఏం అవసరమో చూసే లెక్క) చేస్తారు, అందులో మీ ప్రోగ్రామ్ పేరు లేకపోతే తర్వాత ఎంత అరిచినా లాభం లేదు.

ఫ్రీవే_ఫ్లయర్:
పాపారావు గారు లెక్కలు బాగా చెప్పారు గానీ నాకు ముందు ఒకటి చెప్పండి మేడమ్, ఈ కోఆర్డినేషన్‌కి మీకు ఎన్ని గంటలకి డబ్బిస్తున్నారు, కాగితం మీద ఉందా? పార్ట్‌టైమ్ వాళ్ళకి ఒక డిస్ట్రిక్ట్‌లో ఫుల్‌టైమ్ టీచర్ బోధించే లోడ్‌లో 67 శాతం దాటకూడదు, అడ్వైజరీ కమిటీ మీటింగులూ కరిక్యులమ్ కాగితాలూ మాత్రం పూర్తి ఉద్యోగమంత ఉంటాయి. నేను మూడు కాలేజీల మధ్య కార్లోనే టిఫిన్ తినే మనిషిని, ఊరికే చేసిపెట్టేవాళ్ళని చూస్తే ఎవరికైనా అలవాటైపోతుంది. యూనియన్‌ని అడిగాకే ఒప్పుకోండి.

ఇక ప్రోగ్రామ్ విషయానికొస్తే, పిల్లలు కోర్సులన్నీ పూర్తి చేసి సర్టిఫికెట్‌కి అప్లై చేయరు, ఉద్యోగం వచ్చిందా వెళ్ళిపోతారు. స్టేట్ కాలేజీలకి డబ్బు పంచడానికి 2018-19లో వచ్చిన కొత్త ఫార్ములాలో దాదాపు 70 శాతం హాజరుకి, 20 శాతం పెల్ గ్రాంట్ లాంటి, తక్కువ ఆదాయం వాళ్ళకిచ్చే సాయం తీసుకునే పిల్లల లెక్కకి, 10 శాతం ఫలితాలకి. 16 యూనిట్లకి తగ్గని సర్టిఫికెట్ ఇస్తే కాలేజీకి డబ్బు, వృత్తి కోర్సుల్లో 9 యూనిట్లు పూర్తి చేసినా డబ్బే. మీది ఎన్ని యూనిట్లు? రిజిస్ట్రార్‌ని పట్టుకుని అర్హత ఉన్నవాళ్ళందరికీ అప్లై చేయకపోయినా కాలేజీయే సర్టిఫికెట్ ఇచ్చేలా చూడండి. ఫౌండేషన్ అంటారా, పుస్తకాలకి నాలుగు స్కాలర్‌షిప్‌లు వస్తాయేమో, అంతే.

కౌన్సెలింగ్_కుర్చీ:
అక్కా, ఆ 14 మందిలో ఎంతమందిని నాన్‌రెసిడెంట్‌గా (కాలిఫోర్నియా వాసులు కానట్టు) రాశారో ఒకసారి చూడండి. నాన్‌రెసిడెంట్ హాజరుకి మామూలుగా స్టేట్ డబ్బివ్వదు. ఎఫ్1 స్టూడెంట్ వీసా వాళ్ళయితే అంతే. హెచ్4 వాళ్ళు అలా కాదు, సంవత్సరం దాటి ఇక్కడే ఉంటూ ఇక్కడే స్థిరపడే ఉద్దేశం చూపిస్తే రెసిడెంట్ అవ్వచ్చు. చాలామందికి ఈ సంగతి తెలీక లీజూ ట్యాక్స్ కాగితాలూ ఇవ్వరు, యూనిట్‌కి 46 డాలర్లు కట్టాల్సినవాళ్ళు మూడు వందల పైచిలుకు చూసి భయపడి చేరరు కూడా. గుడిలో, తెలుగు సంఘం వాట్సాప్‌లో చెప్పించండి, చేరాలనుకునేవాళ్ళు ఉంటారు.

మొదటి రెండు కోర్సులు నాన్‌క్రెడిట్‌గా (యూనిట్లు లేని క్లాసులుగా) కూడా పెట్టచ్చేమో అడగండి. ఫీజే ఉండదు. వృత్తి సర్టిఫికెట్‌కి దారితీసే నాన్‌క్రెడిట్ క్లాసులకి 2015-16 నుంచి క్రెడిట్ రేటే ఇస్తున్నారు. కాకపోతే అక్కడ సెన్సస్ రోజు (టర్మ్ మొదట్లో హాజరు లెక్క తీసే రోజు) తలకాయలు లెక్కపెడితే సరిపోదు, ఎవరు ఎన్ని గంటలు వచ్చారో అంతకే డబ్బు, అటెండెన్స్ సరిగ్గా వేయాల్సిందే.

బే_ఏరియా_పంతులమ్మ:
అమ్మో, ఇంత ఉందా. చాలా థాంక్స్ అందరికీ. 18 యూనిట్లండి మాది. స్టైపెండ్ కాగితం మీద లేదు, నోటి మాటే 🙈 రెసిడెన్సీ సంగతి రేపు క్లాసులోనే అడుగుతా. కానీ పాపారావు గారూ, మా డీన్ ఇందాకే ఫోన్‌లో "మనది బేసిక్ ఎయిడ్ డిస్ట్రిక్ట్" అన్నారు, అంటే ఏంటి?

పద్దుల_పాపారావు:
అదేదో ముందే చెప్పాల్సింది మేడమ్ 😀 శాన్ మటేయో, వెస్ట్ వ్యాలీ-మిషన్ లాంటివి అలాంటివే. ఇళ్ళ ధరలు ఆకాశంలో ఉన్న చోట ప్రాపర్టీ ట్యాక్సూ ఫీజులూ కలిపితేనే ఫార్ములా లెక్క దాటిపోతుంది, ఆ మిగులు కూడా డిస్ట్రిక్టే ఉంచుకుంటుంది. అప్పుడు మీరు 14 మందిని 35 చేసినా స్టేట్ నుంచి అదనంగా రాదు, నా ఎఫ్‌టీఈఎస్ లెక్క అక్కడ పనిచేయదు. 50 శాతం చట్టం మాత్రం వాళ్ళకీ ఉంది, ఆ పాయింట్ వదలొద్దు. మీ దగ్గర డబ్బు కొరత కంటే ఎవరికి ముందు ఇవ్వాలన్న పోటీ ఎక్కువ, అది ప్రోగ్రామ్ రివ్యూలో (ప్రతి ప్రోగ్రామ్ తన పనితీరూ అవసరాలూ రాసిచ్చే ప్రక్రియలో) తేలుతుంది. ఆ ఫారం ఎప్పుడు క్లోజ్ అవుతుందో ఈ వారమే కనుక్కోండి, ట్యూటర్‌నీ లైసెన్సులనీ విడివిడిగా అడగండి. ఒకే ముద్దగా అడిగితే మొత్తం కొట్టేస్తారు.