త్లాస్కాలా చిహ్నం: గౌరవమా, లొంగుబాటా?

గట్టుమీద_కాకి:
మెక్సికోలోని త్లాస్కాలాకి స్పెయిన్ రాజు ఐదో చార్లెస్ 1535లో ఇచ్చిన చిహ్నాన్నే ఇప్పటికీ వాడుతున్నారు. ఎర్ర డాలు, మధ్యలో బంగారు కోట, దాని మీద నల్ల గద్ద ఉన్న జెండా. వెండి అంచు మీద కిరీటాలతో ఐ, కె, ఎఫ్ అక్షరాలు, అప్పటి స్పెల్లింగుల ప్రకారం వరసగా: రాణి హువానా, కొడుకు చార్లెస్, మనవడు ఫిలిప్. అంటే ఒక రాజకుటుంబం మూడు తరాలు! అడుగున పుర్రెలు, ఎముకలు. ఊరివాళ్ల సొంతం ఏముంది ఇందులో? వాళ్ల బొమ్మల లిపిలో ఊరి గుర్తు రొట్టె చేస్తున్న చేతులు. అవి లేవు. నా ఓటు తీసేయమనే.

పాతదస్తావేజు:
కాకిగారూ, 1519లో స్పెయిన్‌వాళ్లు రాకముందు సంగతి వదిలేశారు. అప్పటి పెద్ద సామ్రాజ్యం వాళ్లైన అజ్టెకులు త్లాస్కాలా చుట్టూ దిగ్బంధం పెట్టి ఉప్పు, పత్తి రానివ్వలేదు. త్లాస్కాలావాళ్లు స్పెయిన్ దండు నాయకుడు కోర్తెస్‌తో మొదట యుద్ధం చేశారు, తర్వాతే చేయి కలిపారు. 1521 ఆగస్టు 13న అజ్టెకుల రాజధాని తెనోచ్‌తిత్లాన్ పడినప్పుడు వాళ్ల లెక్కలో తామూ గెలిచినవాళ్లే. ఈ చిహ్నం కూడా ఎవరో నెత్తిన రుద్దింది కాదు, వాళ్ల పెద్దలు సముద్రం దాటి వెళ్లి సంపాదించుకున్నది. వాళ్లకది పట్టా కాగితం. 1591లో 400 కుటుంబాలను మెక్సికో ఉత్తరాన కాపురం పెట్టడానికి పంపేటప్పుడు కూడా కప్పం వద్దు, గుర్రాలెక్కే హక్కు కావాలి అని షరతులు రాయించుకున్నారు. లొంగిపోయినవాళ్లు బేరమాడతారా?

సంధ్య_వి:
బేరం సరే, పుర్రెల మాటేంటి? యుద్ధంలో చనిపోయిన త్లాస్కాలావాళ్లవి అనే వివరణే ఎక్కువ వినిపిస్తుంది. అలాగైతే చిన్న షికోతెంకాత్ల్ వాళ్లలో ఉన్నాడా? స్పెయిన్‌తో పొత్తు వద్దన్న సేనాని అతను, 1521లో కోర్తెస్ ఉరి తీయించాడు. నాకు ఆ చిహ్నంలో గుచ్చుకునేది ఇదే. రాజు కోసం చచ్చినవాళ్లకు చోటుంది, రాజు మనుషుల చేతిలో చచ్చినవాడికి లేదు.

గట్టుమీద_కాకి:
అదే కదా నేను మొత్తుకునేది. మెక్సికో సిటీకి 1523లో ఇచ్చిన చిహ్నం అంచులో పది నాగజెముడు ఆకులైనా పెట్టారు. మిత్రులకు ఆ మాత్రం కూడా లేదు.

పాతదస్తావేజు:
ఆ పోలిక కుదరదు. 1523 చిహ్నం స్పెయిన్‌వాళ్లు తెనోచ్‌తిత్లాన్ శిథిలాల మీద కట్టుకున్న తమ కొత్త నగరానికి తెచ్చుకున్నది. అక్కడ నాగజెముడు ఓడిపోయిన ఊరి గుర్తు, గెలుపు బహుమతిలా అంచున పెట్టుకున్నారు. త్లాస్కాలాది స్థానికుల నగరానికి దక్కింది. రాజు గుర్తులైన కోట, గద్ద ఉన్న చిహ్నం తెచ్చుకోవడమంటే మేమూ మీతో సమానం అనడమే.

సంధ్య_వి:
సమానమని వాళ్లు అనుకున్నారు, రాజు అనుకోలేదు. అయినా తీసేయమని నేననను. మెక్సికోలో ఇప్పటికీ వాళ్లను ద్రోహులని ఎత్తిపొడిచేవాళ్లున్నారు. చిహ్నం తీసేస్తే ఆ నింద ఒప్పుకున్నట్టవుతుంది. కాకిగారు అడిగిన చేతులు కూడా దాంట్లో చేర్చమంటే మాత్రం నేను సరే అంటాను.