విధి నిర్వహణలో మరణించిన జవాను పిల్లల కళాశాల ఫీజుకు ఏయే సాయాలు అందుతాయి?

ప్రశ్న: పరకాల నుంచి

సైనిక కుటుంబాల విషయాలు తెలిసిన పెద్దలందరికీ నమస్కారం.

మా అన్న సైన్యంలో నాయక్‌గా పనిచేస్తూ, జమ్మూకశ్మీర్‌లో కాన్వాయ్‌తో వెళుతుండగా వాహనం లోయలో పడి మరణించాడు. అప్పటికి పిల్లలిద్దరూ ప్రాథమిక పాఠశాలలో ఉన్నారు. మా వదిన హనుమకొండలో అద్దె ఇంట్లో ఉంటూ, వచ్చే కుటుంబ పింఛనుతోనే వారిని ఇంతవరకు చదివించింది. అన్న కూతురు ఈ ఏడాది ఎంపీసీలో మంచి మార్కులతో ఇంటర్ పూర్తిచేసి, ఎప్‌సెట్ కన్వీనర్ కోటాలో వరంగల్ దగ్గరి ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో చేరింది. కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండి జేఈఈకి చదువుతున్నాడు.

అమ్మాయి ఫీజు ఏడాదికి లక్ష దాటుతోంది. రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈ-పాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంటుకు దరఖాస్తు చేద్దామంటే, పింఛను కలిపి ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం పరిమితిని మించింది. డ్యూటీలో చనిపోయిన జవాను పిల్లలకు కేంద్రమే ఫీజంతా కడుతుందని ఒకరు, నెలకు కొంత స్కాలర్‌షిప్ మాత్రమే వస్తుందని మరొకరు చెబుతున్నారు. వదిన ఎవరినీ అడగలేక మౌనంగా ఉండిపోతోంది. ఆమె తరఫున నేను అడుగుతున్నాను: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ కార్యాలయానికి వెళ్ళాలి? మా వీధిలోనే మందుపాతర పేలుడులో మరణించిన ఒక పోలీసు కానిస్టేబుల్ కుటుంబం కూడా ఉంది. వారి అబ్బాయి కూడా ఇప్పుడే డిగ్రీ స్థాయికి వచ్చాడు. వారికి వర్తించేవి ఏమైనా ఉంటే దయచేసి అవీ తెలియజేయండి.

జవాబు: విశ్రాంత సుబేదార్, కరీంనగర్

తమ్ముడూ, ముందుగా మీ వదినమ్మకు నా నమస్కారాలు తెలియజేయండి.

మీరు విన్న రెండు మాటలూ నిజమే, కానీ అవి రెండు వేర్వేరు పథకాలకు సంబంధించినవి. వాటిలో మీకు ఏది వర్తిస్తుందో తేల్చేది మీ అన్న మరణాన్ని సైన్యం ఏ వర్గం కింద నమోదు చేసిందన్న విషయం. ఇంట్లో మనం "డ్యూటీలో పోయాడు" అంటాం, మనకు ఆ మాట చాలు. కార్యాలయంలో మాత్రం ఆ ఒక్క మాటకే అనేక అర్థాలు ఉంటాయి. పింఛను నిబంధనల్లో మరణాలను ఎ నుంచి ఇ వరకు ఐదు వర్గాలుగా విభజించారు. సేవతో సంబంధం లేని కారణాలతో జరిగిన మరణం ఎ వర్గం. సేవ వల్ల కలిగిన జబ్బుతో మరణిస్తే బి, విధుల్లో జరిగిన ప్రమాదంలో మరణిస్తే సి. ఉగ్రవాదులు, సంఘవిద్రోహ శక్తుల దాడి వంటివి డి కిందికి, యుద్ధం, సరిహద్దు ఘర్షణల వంటివి ఇ కిందికి వస్తాయి. బి, సి వర్గాల కుటుంబాలకు చివరి వేతనంలో 60 శాతం చొప్పున స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ ఇస్తారు. డి, ఇ వర్గాలకు చివరి వేతనంతో సమానంగా లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ ఇస్తారు. కాబట్టి వదినమ్మ దగ్గరున్న పీపీఓ, అంటే పింఛను మంజూరు ఉత్తర్వు తీసి, అందులో ఏ పింఛను పేరు రాసి ఉందో ముందు చూడండి. ఆ తరువాతే మిగతా ప్రయత్నాలు.

ఫీజంతా కేంద్రం భరించేది రక్షణ శాఖ విద్యా రాయితీ. 1971 యుద్ధం ముగిసిన వెంటనే పార్లమెంటులో ప్రకటించి, 1972 నుంచి అమలుచేస్తున్నారు. పోరాటంలో మరణించిన, ఆచూకీ లేకుండా పోయిన, శాశ్వతంగా వికలాంగులైన సైనికుల పిల్లలకు మొదటి డిగ్రీ వరకు ట్యూషన్ ఫీజు తిరిగి చెల్లిస్తారు. 2017లో దీనికి నెలకు 10,000 రూపాయల పరిమితి విధించారు. దానివల్ల వృత్తివిద్యా కోర్సుల్లో ఉన్న పిల్లలే ఎక్కువగా నష్టపోయారు. దేశమంతటా నిరసన వ్యక్తం కావడంతో 2018 మార్చిలో ఆ పరిమితిని ఎత్తివేశారు. ఇప్పటికీ కొందరు ఆ పాత పరిమితినే చెప్పి కుటుంబాలను వెనక్కి పంపుతుంటారు, అది మనసులో ఉంచుకోండి.

మీ అన్న విషయంలో నేను ఇక్కడినుంచి తీర్పు చెప్పలేను. కాన్వాయ్ ప్రమాదాలను సాధారణంగా విధుల్లో ప్రమాదంగానే నమోదు చేస్తారు. అయితే ప్రభుత్వం ప్రకటించిన కొన్ని ఆపరేషన్ ప్రాంతాల్లో, ఆపరేషన్‌లో భాగంగా వెళుతుండగా జరిగిన ప్రమాదాన్ని బ్యాటిల్ క్యాజువల్టీగా, అంటే పోరాటంలో మరణంగా గుర్తించే అవకాశం కూడా ఉంది. అందువల్ల కాగితం చూడకుండా ఆశ పెట్టుకోవద్దు, ఆశ వదులుకోనూవద్దు.

జవాబు: కళాశాల కార్యాలయ ఉద్యోగిని, హనుమకొండ

సుబేదార్ గారు చెప్పిన దానికి, ప్రతి ఏడాదీ నా బల్ల ముందుకు వచ్చే దరఖాస్తులను బట్టి తెలిసినవి కొన్ని కలుపుతున్నాను.

మీరు రెండోదిగా విన్నది ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం. దీన్ని కేంద్రీయ సైనిక్ బోర్డు నడుపుతుంది. 2019లో పెంచిన ప్రకారం అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500 రూపాయలు. అంటే మీ అన్న కూతురికి ఏడాదికి 36,000 వస్తాయి. దేశం మొత్తానికి ఏడాదికి 5,500 స్కాలర్‌షిప్‌లు ఉంటాయి, వాటిలో సగం అమ్మాయిలకే. పోరాటంలో మరణించినవారి పిల్లలది మొదటి ప్రాధాన్యం. సేవ కారణంగా మరణించినవారి పిల్లలది మూడోది. మామూలుగా పదవీ విరమణ చేసిన జవాన్ల పిల్లలు చివరి వర్గంలో మార్కుల ఆధారంగా పోటీపడతారు. కాబట్టి పీపీఓలో స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ అని ఉన్నా మీరు ముందు వరుసలోనే ఉంటారు. ఫీజు రీయింబర్స్‌మెంటులో మిమ్మల్ని అడ్డుకున్న ఆదాయ పరిమితి ఇక్కడ లేదు.

ఇంటర్‌లో 60 శాతం మార్కులు ఉండాలి, కోర్సు వృత్తివిద్యా డిగ్రీ అయి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, మొదటి సంవత్సరంలో చేరినప్పుడే దరఖాస్తు చేయాలి. రెండో సంవత్సరంలో విషయం తెలిసి వచ్చిన తల్లులను చేసేదేమీ లేక తిప్పి పంపవలసి రావడం మా కార్యాలయంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే సందర్భం. దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో చేస్తారు. ఆ తరువాత అసలు పత్రాలతో సైనిక సంక్షేమ కార్యాలయంలో పరిశీలన చేయించుకోవాలి. కళాశాల నుంచి బోనఫైడ్, బ్యాంకు నుంచి ధ్రువపత్రం నిర్ణీత నమూనాలోనే కావాలి. ఖాతా విద్యార్థిని పేరు మీద, ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి. పదో తరగతి మెమోలో అమ్మాయి పేరు, తండ్రి పేరు ఎలా ఉన్నాయో సైన్యం రికార్డుల్లోనూ అలాగే ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట పొడి అక్షరంగా రాస్తారు. గడువు దగ్గరపడ్డాక దాన్ని సరిచేయించడం చాలా కష్టం. మంజూరయ్యాక కూడా ప్రతి సంవత్సరం కనీసం 50 శాతం మార్కులు వస్తేనే కొనసాగుతుంది. ఈ మాట అమ్మాయికి మొదటి సెమిస్టర్‌లోనే చెప్పండి.

ఈ డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది, కళాశాల మాత్రం ముందే అడుగుతుంది. ఆ మధ్య కాలానికి వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్ళకండి. ఏడున్నర లక్షల రూపాయల వరకు విద్యారుణానికి బ్యాంకులు ఆస్తి తాకట్టు అడగకూడదు.

ఎప్‌సెట్‌లో సైనికుల పిల్లలకు క్యాప్ కోటా కింద 2 శాతం సీట్లు ఉంటాయి. ఇందులో బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ పిల్లలూ వస్తారు. దీన్ని కౌన్సెలింగ్‌లోనే వాడుకోవాలి కాబట్టి అమ్మాయికి ఇప్పుడు ఉపయోగపడదు, అబ్బాయికి పడుతుంది. అబ్బాయి విషయంలో మరొకటి కూడా ఉంది. ఐఐటీల్లో ఒక్కోదాంట్లో రెండేసి సీట్లను పోరాటంలో మరణించిన లేదా శాశ్వతంగా వికలాంగులైన రక్షణ, పారామిలిటరీ సిబ్బంది పిల్లలకు ప్రాధాన్యంగా కేటాయిస్తారు. మన వరంగల్ ఎన్ఐటీలో అలాంటి కేటాయింపు లేదు. అయితే అక్కడ కుటుంబ వార్షికాదాయం లక్ష లోపు ఉంటే ట్యూషన్ ఫీజు పూర్తిగా, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ చేస్తారు. ఏడాదికి 1,25,000 రూపాయల ట్యూషన్ ఫీజులో దాదాపు 83,000 తగ్గడం పింఛను మీద బతికే కుటుంబానికి చిన్న విషయం కాదు. ఈ–పాస్‌లో అడ్డువచ్చిన ఆదాయమే ఇక్కడ అర్హత లోపల ఉంటుంది. అబ్బాయికి ఈ సంగతి తప్పక చెప్పండి.

జవాబు: పోలీసు కుటుంబం, ములుగు

పరకాల అన్నా, మీ వీధిలోని ఆ అమ్మకు ఈ వివరాలు చేర్చండి.

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ చాలా ఏళ్ళు సైన్యానికి, కేంద్ర బలగాలకు మాత్రమే ఉండేది. 2019 మే నెలాఖరులో కేంద్ర ప్రభుత్వం దాన్ని ఉగ్రవాద, నక్సల్ దాడుల్లో అమరులైన రాష్ట్ర పోలీసుల పిల్లలకు కూడా విస్తరించింది. దేశం మొత్తానికి ఏడాదికి 500 మందికి ఇస్తారు. దీన్ని కేంద్ర హోంశాఖ చూస్తుంది, సైనిక సంక్షేమ కార్యాలయానికి దీనితో సంబంధం లేదు. అర్హత, మొత్తం దాదాపు పైన అక్క చెప్పినట్టే ఉంటాయి. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి, తండ్రి పనిచేసిన జిల్లా పోలీసు కార్యాలయం నుంచి ధ్రువీకరణ కావాలి. మందుపాతర సంఘటనకు సంబంధించిన ఎఫ్‌ఐఆర్ నకలు, శాఖ ఇచ్చిన ఉత్తర్వులు ఆ ఇంట్లో ఉండే ఉంటాయి. లేకుంటే ముందు వాటిని సంపాదించాలి.

ఉత్తర తెలంగాణలో ఈ సంగతి తెలియవలసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో నక్సల్స్‌ను ఎదుర్కొనే పోలీసు దళం గ్రేహౌండ్స్ జవాన్ల పడవపై మావోయిస్టుల దాడి జరిగిన నాటికి చేతుల్లో ఉన్న పసిపిల్లలు ఇప్పుడు కళాశాల వయసుకు వచ్చారు. ప్రతి అక్టోబరు 21న, పోలీసు అమరవీరుల సంస్మరణ దినాన, ఆ తల్లులను వేదికల మీద సన్మానిస్తారు. అదే రోజు వారి పిల్లలు ఏ తరగతిలో ఉన్నారో అడిగి, ఏ దరఖాస్తుకు ఎప్పుడు గడువో చెప్పే ఒక మనిషిని అక్కడ కూర్చోబెడితే ఎంతో మేలు జరుగుతుందని నా గట్టి నమ్మకం. మంటల్లోకి దూకి ప్రాణాలు కోల్పోయే అగ్నిమాపక సిబ్బంది పిల్లలు ఈ పథకంలో లేరు. వారినీ చేర్చాలని మనమంతా అడగాలి.

ప్రశ్నకు అనుబంధం: జగిత్యాల నుంచి

ఇక్కడే ఒక మాట అడుగుతున్నాను, క్షమించండి. మా తమ్ముడు ఇంటర్ తరువాత అగ్నివీర్‌గా చేరాడు. సేవలో ఉంటూనే డిగ్రీ చేయవచ్చా?

జవాబు: విశ్రాంత సుబేదార్, కరీంనగర్

చేయవచ్చు. అగ్నివీరుల కోసమే ఇగ్నో ఒక డిగ్రీ కోర్సును రూపొందించింది. అందులో సగం క్రెడిట్లు సైన్యంలో పొందిన శిక్షణకే ఇస్తారు, మిగతా సగం పాఠ్యాంశాలు చదివి పరీక్షలు రాయాలి. నాలుగేళ్ళ తరువాత సుమారు 11.71 లక్షల సేవానిధి వస్తుంది కదా, అప్పుడు చదువుకుందామని వాయిదా వేయవద్దని మీ తమ్ముడికి నా మాటగా చెప్పండి. యూనిట్‌లోని విద్యా విభాగం హవల్దార్‌ను కలిస్తే నమోదు విధానం చెబుతారు.

అడిగినవారి నుంచి: పరకాల

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వదిన పీపీఓ తీసి చూపించింది. అందులో స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ అనే ఉంది. అంటే పూర్తి ఫీజు రాయితీ దారి మూసుకుపోయినట్టేనా? అన్న బెటాలియన్ అప్పుడు ఆపరేషన్ డ్యూటీలోనే ఉందని ఆయనతో పనిచేసిన వారు అంత్యక్రియల రోజున చెప్పినట్టు వదినకు గుర్తుంది.

జవాబు: విశ్రాంత సుబేదార్, కరీంనగర్

ప్రస్తుతం ఉన్న కాగితం ప్రకారం పూర్తి రాయితీ రాదు. కానీ ఆ సహచరుల మాటను తేలికగా తీసుకోకండి. మీ అన్న రెజిమెంటు రికార్డ్ ఆఫీసుకు వదినమ్మ పేరుతో లేఖ రాసి, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (ప్రమాదంపై సైన్యం జరిపిన విచారణ) నివేదిక నకలు, క్యాజువల్టీని నమోదు చేసిన ఉత్తర్వు నకలు కోరండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆ నివేదికలో ఆపరేషన్ పేరు, ఆ ప్రయాణ ఉద్దేశం స్పష్టంగా ఉంటే, వర్గాన్ని తిరిగి పరిశీలించాలని అప్పీలు చేయవచ్చు. అక్కడ న్యాయం దొరకకపోతే సాయుధ దళాల ట్రైబ్యునల్ ఉంది. దీనికి కాలం పడుతుంది, ఎంత పడుతుందో ఎవరూ చెప్పలేరు.

కాబట్టి ఆ పని తేలేదాకా ఆగకుండా, అమ్మాయి పేరుతో ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ దరఖాస్తు ఇప్పుడే సిద్ధం చేయండి. మూడో ప్రాధాన్య వర్గం కింద పెట్టాలి. ఆన్‌లైన్‌లో వర్గం ఎంచుకునేటప్పుడు మామూలు ఎక్స్‌సర్వీస్‌మెన్ వర్గాన్ని నొక్కితే ఆ ప్రాధాన్యం పోతుంది. అబ్బాయి ఇంటర్ చదువుకు రక్షా మంత్రి సంక్షేమ నిధి నుంచి నెలకు 2,000 రూపాయల విద్యా సాయం ఉంది. హవల్దార్ హోదా వరకు ఉన్నవారి ఇద్దరు పిల్లలకు ఇస్తారు, మీ అన్న నాయక్ కాబట్టి వర్తిస్తుంది. రెంటికీ పీపీఓ, వితంతు గుర్తింపు కార్డు, పిల్లల మెమోలు తీసుకుని వదినమ్మను సైనిక సంక్షేమ కార్యాలయానికి వెంటబెట్టుకు వెళ్ళండి. పిల్లల పేర్లు సైన్యం రికార్డుల్లో లేవని తేలితే, వాటిని రికార్డుల్లో చేర్చే పార్ట్-2 ఆర్డర్ కోసం అదే రోజు అక్కడినుంచే రికార్డ్ ఆఫీసుకు లేఖ పంపించండి.