లండన్ ఈస్ట్ హామ్‌లో ఫ్రీ మీల్స్ పిల్లలు ఎక్కువున్న స్కూల్లో బాబుని వెయ్యొచ్చా?

గుంటూరమ్మాయి:
అందరికీ నమస్తే. వచ్చే సెప్టెంబర్‌లో మా బాబు రిసెప్షన్‌కి (స్కూల్లో మొదటి క్లాసు) వెళ్ళాలి. ఇంటి పక్క ప్రైమరీ స్కూల్లో ఎక్కువమంది ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడని పిల్లలేనంట, ఆదాయం తక్కువని ఫ్రీ మీల్స్ లెక్కలో ఉన్నవాళ్ళు కూడా చాలామంది ఉన్నారంట. మా వారి ఫ్రెండ్సేమో లండన్‌లోనే అటువైపున్న హారో వెళ్ళిపోండి, ఇక్కడ వేస్తే వెనకబడిపోతాడు అంటున్నారు, నాకు రాత్రి నిద్ర పట్టట్లేదు. ఇలాంటి స్కూల్లో చదివించినవాళ్ళు ఎవరన్నా చెప్పండి ప్లీజ్

కరీంనగర్_నాన్న:
మా ఇద్దరూ అట్లాంటి స్కూల్లోనే చదివిన్రు, మంచిగనే ఉన్నరు. పెద్దోనికి ఒక ఏడు ముగ్గురు టీచర్లు మారిన్రు, అప్పుడు మాత్రం చాన ఇబ్బందైంది, అందుకే టీచర్లు నిలబడి ఉంటున్నరా లేదా అడుగుండ్రి. ఇంకోటి, మీ ఈస్ట్ హామ్ ఉన్న న్యూహామ్‌ల ప్రైమరీ పిల్లలకు 2009 నుంచే భోజనం ఫ్రీ, 2023 నుంచి లండన్ మొత్తం ఇస్తున్నరు, అందరికి ఫ్రీయే కదా అని మనోళ్ళు ఫ్రీ మీల్స్ ఫారం నింపరు. ఆదాయం తక్కువున్నోళ్ళు తప్పకుండా నింపాలె, ఆ లెక్క మీదనే స్కూల్‌కు ప్యూపిల్ ప్రీమియం అని సర్కారు పైసలు అదనంగ వస్తయి, 2024-25ల ప్రైమరీ పిల్లగానికి 1,480 పౌండ్లు. నింపకపోతే స్కూల్‌కే లాస్

టీఏ_అక్క:
చెల్లీ, నేను ఆరేళ్ళుగా ఇలాంటి స్కూల్లోనే టీచింగ్ అసిస్టెంట్‌ని. ఆ ప్యూపిల్ ప్రీమియం డబ్బు 2011 నుంచి ఇస్తున్నారు, మా దగ్గర అందులోంచే బ్రేక్‌ఫస్ట్ క్లబ్, చిన్న గ్రూపులు నడుస్తాయి. రోజూ పొద్దున నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని పావుగంట సౌండ్ కార్డులు, అంటే ఇంగ్లిష్ అక్షరాల శబ్దాలు నేర్పే బొమ్మ కార్డులు, చెప్పిస్తా. పోయినేడు ఒక పాప, ఇంట్లో బెంగాలీ, క్రిస్మస్ దాటినా నోరు విప్పలేదు, కార్డు చూసి పెదాలు కదిపేది గానీ గొంతు వచ్చేది కాదు. నిద్రపోతున్న బొమ్మ చూపించి, పెదాల మీద వేలు పెట్టుకుని ‘ష్’ చెప్పేదాన్ని. ఫిబ్రవరిలో ఒకరోజు పక్కన పిల్లోడు గోల చేస్తుంటే వాడి వైపు తిరిగి వేలు పెట్టి ‘ష్!’ అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రిసెప్షన్ తర్వాత క్లాసు ఇయర్ వన్, దాని చివర్లో ఫోనిక్స్ చెక్ అని చదివించే పరీక్ష ఉంటుంది, 40 పదాలు, సగం అర్థం లేని ఉత్తుత్తి పదాలే, శబ్దాలు కలిపి చదవాలంతే. మన పిల్లలు అది గబగబా చదివేస్తారు, అసలు కష్టం అర్థం దగ్గర వస్తుంది. మా దగ్గర అందుకే రోజూ కథ చదివి, పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెట్టి దాని గురించి మాట్లాడిస్తారు. ఫ్రీ మీల్స్ ఎంతమందో వదిలేసి, వెనకబడ్డ పిల్లోణ్ణి ఎన్ని రోజుల్లో పట్టుకుంటారు, పట్టుకుని ఏం చేస్తారు అని అడుగు. ప్యూపిల్ ప్రీమియం దేనికి ఖర్చు పెడుతున్నారో స్కూల్ వెబ్‌సైట్‌లో పెట్టాలి, అదీ చదువు

గుంటూరమ్మాయి:
థాంక్యూ అక్కా, థాంక్యూ అన్నా, మనసు కాస్త కుదుటపడింది. మంగళవారం స్కూల్ టూర్ ఉంది, అడుగుతా. ఇప్పట్నుంచే ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడాలా అక్కా?

టీఏ_అక్క:
వద్దమ్మా, తెలుగే మాట్లాడు, తెలుగులోనే బోలెడు కథలు చెప్పు. తెలుగులో ‘ఎందుకు’ అని అడగడం అలవాటైన పిల్లోడు ఇక్కడా అడుగుతాడు. అప్లికేషన్ మాత్రం జనవరి 15 దాటనివ్వకు