మంచులో గ్రేట్ గ్రే గుడ్లగూబ వేట ఫొటో ఎలా తియ్యాలి?

బుల్లిపిట్ట:
అందరికీ నమస్తే అండి. మినియాపాలిస్‌లో ఉంటా. శనివారం చీకటితోనే బయల్దేరి డులూత్ దగ్గర సాక్స్-జిమ్ బాగ్‌కి (చిత్తడి అడవి) వెళ్ళా, మూడో ట్రిప్పుకి గ్రేట్ గ్రే కనపడింది, రోడ్డు పక్కనే చెట్టు మీద. గంటన్నర కార్లోంచే చూశా, రెండుసార్లు మంచులోకి దూకింది, రెండోసారి వోల్‌ని (పొట్టి తోక ఎలక లాంటిది) పట్టుకుని లేచింది, చేతులు వణికాయి నాకు. తీరా ఇంటికొచ్చి చూస్తే మంచంతా బూడిద రంగు, రెక్కలు బ్లర్, కొన్నయితే కదలకుండా కూర్చున్నవి కూడా మసకే. 600 ఎంఎం లెన్స్, షటర్ స్పీడు 1/800 సెకను.

ఇంకోటి, అక్కడ ఒకాయన డబ్బాలో పెట్ షాపు ఎలకలు తెచ్చాడు, విసిరితే నీ వైపే ఎగురుకుంటూ వస్తుంది తీసుకో అన్నాడు. వద్దన్నా. అందరూ ఇలాగే తీస్తారా?

డులూత్‌వాసి:
మంచు తెలుపుని కెమెరాలో వెలుగు కొలిచే మీటరు బూడిద రంగుకి లాగేస్తుందండి, ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుగు) +1 పెట్టి హిస్టోగ్రామ్ (వెలుగు చూపించే గ్రాఫ్) చూసుకుంటూ ఇంకొంచెం పెంచండి. షటర్ 1/2500కి తగ్గొద్దు, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే సెట్టింగ్) 3200 అయినా పర్లేదు, నాయిజ్ (ఫొటోలో గరుకు చుక్కలు) తర్వాత తగ్గించుకోవచ్చు, బ్లర్‌ని ఏం చెయ్యలేం. కూర్చున్నవి కూడా మసక అన్నారు కదా, హీటర్ వేసుకుని అద్దం దించి తీశారా? కార్లోని వేడిగాలి లెన్స్ ముందే అల్లాడుతుంది, ఎంత మంచి లెన్సయినా అంతే. ముందే ఇంజిన్ ఆపేసి, అద్దాలన్నీ దించి, లోపల కూడా బయటంత చల్లబడనివ్వండి. స్పేర్ బ్యాటరీ లోపలి జేబులో పెట్టుకోండి. ఇంటికెళ్ళాక కెమెరాని బ్యాగ్‌లోంచి వెంటనే తియ్యొద్దు, చెమ్మ పట్టేస్తుంది.

పాతకెమెరా:
వద్దని మంచి పని చేశారు. ఎలకలు విసిరితే దానికి కారు అంటే తిండి అని అలవాటవుతుంది, రోడ్డు మీదకొచ్చి బండి కింద పడుతుంది. ఫొటోలో కూడా తెలిసిపోతుందండి, మంచు పైపైన కెమెరా వైపు తేలుతూ వస్తుంది అంతే.

అసలు వేట వేరు. దాని చెవులు ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటాయి, పళ్ళెంలాంటి ఆ మొహం శబ్దాన్ని చెవుల్లోకి పోగేస్తుంది, అడుగున్నర మంచు కింద ఉన్న వోల్‌ని కూడా వినే పట్టేస్తుంది. మంచులోంచి వచ్చే శబ్దం వంగుతుంది కాబట్టి పక్కనుంచి వింటే చోటు తప్పుతుంది, అందుకే సరిగ్గా దాని పైకొచ్చి గాల్లో ఒక్క క్షణం ఆగుతుందని 2022లో కెనడాలోని మానిటోబాలో చేసిన స్టడీలో రాశారు. మీకు కావల్సింది ఆ క్షణమే! కొమ్మ మీద తల తిప్పడం ఆపి ఒకేచోటికి కిందికి చూస్తూ ముందుకి వంగిందంటే వేలు బటన్ మీద పెట్టండి, ఫ్రేమ్ కాస్త వదులుగా ఉంచండి, రెక్కలు విప్పితే దాదాపు అయిదడుగులు, టైట్‌గా పెడితే తెగిపోతాయి. తెల్లారుతూ, పొద్దుగూకే ముందు ఎక్కువ వేటాడుతుంది.

బుల్లిపిట్ట:
అవునండి హీటర్ ఫుల్‌గా వేసే ఉంది, అదే అన్నమాట! ఆ వంగి చూడటం నేనూ చూశా కానీ అప్పుడే ఫ్లాస్క్‌లో కాఫీ వంపుకుంటున్నా. వచ్చే శనివారం మళ్ళీ వెళ్తా. అద్దం మీద లెన్స్ ఆనించడానికి బియ్యం పోసి కుట్టిన సంచి సరిపోతుందా, బీన్‌బ్యాగ్ కొనాలా?

డులూత్‌వాసి:
బియ్యం సంచి చాలండి, నేను వాడేదీ అదే.