డ్రైవర్ టీమ్ మారితే ‘గోడ దూకాడు’ అనొచ్చా?

కాంకర్డ్, నార్త్ కరోలినా నుంచి:

అందరికీ నమస్కారం. ఇక్కడి తెలుగు పిల్లల కోసం మేం కొందరం కలిసి నడిపే చిన్న పత్రికలో ఈసారి నాస్కార్ మీద, అంటే అమెరికాలోని స్టాక్ కార్ రేసుల మీద, వ్యాసం వేస్తున్నాం. షార్లెట్ మోటార్ స్పీడ్‌వే మా ఊళ్లోనే ఉంది, హెండ్రిక్ టీమ్ వర్క్‌షాపూ ఇక్కడే. పిల్లలకు కార్ల నంబర్లు నోటికి వచ్చు. వ్యాసంలో ఒక వాక్యం దగ్గర మాలో మాకే పేచీ వచ్చింది: “2022 చివర కైల్ బుష్ గోడ దూకి జో గిబ్స్ టీమ్ నుంచి రిచర్డ్ చిల్డ్రెస్ టీమ్‌లో చేరాడు.”

చదవడానికి హుషారుగానే ఉంది. కానీ జరిగింది అది కాదు. అతని కారుకు ఏళ్ల తరబడి డబ్బు పెట్టిన మార్స్ కంపెనీ, అదే ఎం అండ్ ఎమ్స్ చాక్లెట్లవాళ్లు, ఆ ఏడాదితో తప్పుకున్నారు. ఆ చోటు నింపే స్పాన్సర్‌ను గిబ్స్ వాళ్లు తేలేకపోయారు. 2015లో, 2019లో సీజన్ టైటిల్ తెచ్చిపెట్టినవాడు వేరే సీటు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇందులో ఎవరు ఏ గోడ దూకినట్టు?

ఫిరాయించాడు, జంప్ అయ్యాడు, కండువా మార్చాడు... తట్టినవన్నీ రాజకీయాల మాటలే, అన్నిట్లోనూ నింద ఉంది. నింద లేని మాట ఒకటి చెప్పండి.

హైదరాబాద్ నుంచి, స్పోర్ట్స్ డెస్క్‌లో పనిచేసినవారు:

డెస్క్‌లో మేం ‘బదిలీ’ వాడేవాళ్లం, ఎక్కువగా ఫుట్‌బాల్ వార్తలకు. అక్కడ ఒక క్లబ్బు ఇంకో క్లబ్బుకి డబ్బు కట్టి ఆటగాణ్ణి తెచ్చుకుంటుంది కాబట్టి నడిచింది. నాస్కార్‌లో మామూలుగా కాంట్రాక్టు అయిపోయాక డ్రైవర్ తన దారి తాను చూసుకుంటాడు. పైగా బదిలీ అనగానే మనవాళ్లకు తాసిల్దారు ఆఫీసే గుర్తొస్తుంది. పైనుంచి ఆర్డరు వస్తే పెట్టె సర్దుకోవడం అన్నమాట. ‘వలస’ అని రాసేవాళ్లూ ఉన్నారు, నాకు నచ్చదు.

కాంకర్డ్:

వలస అసలు కుదరదండీ. హెండ్రిక్ మా కాంకర్డ్‌లో, గిబ్స్ హంటర్స్‌విల్‌లో, పెన్స్కీ మూర్స్‌విల్‌లో. అన్నీ షార్లెట్ చుట్టుపక్కలే. డ్రైవర్లు చాలామంది ఇక్కడి లేక్ నార్మన్ ఒడ్డున ఉంటారు. టీమ్ మారితే ఇల్లు కూడా మారక్కర్లేదు. పొద్దున్నే కారు వేరే రోడ్డు ఎక్కుతుంది, అంతే.

తెనాలి నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:

ఈ మాటల్లో నింద ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చూద్దాం. ‘ఫిరాయించు’ హిందుస్తానీ నుంచి వచ్చింది. అసలు అర్థం తిప్పడం, మళ్లించడం. అందులో ద్రోహం లేదు. మాట మార్చినవాణ్ణి ‘ప్లేటు ఫిరాయించాడు’ అనడం, 1985లో పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం రావడం, ఆ తర్వాత ముప్పై నలభై ఏళ్లు పేపర్లలో రోజూ నలగడంతో ఆ మాటకు మరక పట్టింది. ఇక ‘గోడ దూకడం’ పుట్టుకతోనే దొంగ పని. వాకిలి ఉండగా గోడెందుకు దూకుతాడు? ఇవతల ఎవరికో మాట ఇచ్చి ఉంటేనే ఆ నింద నిలుస్తుంది. ఓటు వేయించుకున్న నాయకుడికి అది వర్తిస్తుంది. గడువు తీరిన డ్రైవరుకు వర్తించదు.

మీరు అడిగిన మాట మన పల్లెల్లో ఉంది: కుదరడం. పాలేరు ఏడాదికి ఇంత అని మాట్లాడుకుని ఒక ఆసామి దగ్గర కుదిరేవాడు. ఏడాది తిరిగాక అక్కడే ఉండొచ్చు, ఇంకోచోట కుదరొచ్చు. ‘వాడు ఫలానా వాళ్ల దగ్గర కుదిరాడు’ అంటే అందులో తప్పు పట్టేదేమీ లేదు. “కైల్ బుష్ చిల్డ్రెస్ దగ్గర కుదిరాడు” అని రాసి చూడండి.

ఖమ్మం నుంచి:

మాస్టారూ, మాట మంచిదే, కానీ మా దిక్కు జీతానికి కుదిరినోళ్ల బతుకులు తెలిసినవాళ్లం. అప్పు తీరక ఏండ్లకేండ్లు ఒకే ఇంట్ల ఉండిపోయినోళ్లున్నరు. కోట్లు తీసుకునే డ్రైవర్‌కి ఆ మాట వేస్తే నాకు నవ్వు రాదు.

తెనాలి:

మీరన్నది నిజమే, కాదనను. కానీ ఆ క్రియ ఒక్క జీతగాళ్లది కాదు. పెళ్లి కుదురుతుంది, బేరం కుదురుతుంది, పనిమనిషి కుదురుతుంది, ఇవాళ ఇద్దరికీ టైమ్ కుదురుతుంది. రెండు వైపులా సరేననుకోవడం ఒక్కటే వీటన్నిట్లో ఉన్నది.

డాలస్ నుంచి:

నేను ఇరవై ఏళ్లుగా నాస్కార్ చూస్తున్నాను. ఒక్క మాటతో పని జరగదు. తనంతట తాను వెళ్లినవాడు ఒకడు, సీటు పోయినవాడు ఇంకొకడు. గిబ్స్ వాళ్ల 20వ నంబరు కారు తీసుకోండి. 2002లో, 2005లో దాంట్లో టైటిల్ గెలిచిన టోనీ స్టీవర్ట్ 2008 తర్వాత తానే వెళ్లిపోయాడు, వేరే టీమ్‌లో వాటా తీసుకుని ఓనర్ అయ్యాడు. ఆ సీట్లో 2009లో జోయి లొగానోను కూర్చోబెట్టారు, అప్పటికి పద్దెనిమిదేళ్ల కుర్రాడు. నాలుగేళ్లు చూసి, 2013కి రౌష్ టీమ్ నుంచి మాట్ కెన్సెత్‌ను తెచ్చి అందులో పెట్టారు. కెన్సెత్ వచ్చిన ఏడాదే ఏడు రేసులు గెలిచాడు. ‘తీసేసింది మంచికే’ అన్నారు అందరూ. లొగానో పెన్స్కీకి వెళ్లి 2018లో, 2022లో, 2024లో మూడు టైటిళ్లు కొట్టాడు. కెన్సెత్‌నూ అదే సీటు నుంచి లేపి 2018కి ఎరిక్ జోన్స్‌ను పెట్టారు, 2021కి అతన్నీ లేపి క్రిస్టఫర్ బెల్‌ను. వీళ్లలో గోడ దూకినవాడు ఒక్కడూ లేడు. స్టీవర్ట్ గేటులోంచే వెళ్లాడు, మిగతావాళ్లను కుర్చీలోంచి లేపారు.

చేజ్ బ్రిస్కో సంగతి ఇంకా చిత్రం. 2024తో స్టీవర్ట్ హాస్ టీమే మూతపడింది. దూకడానికి గోడే మిగల్లేదు. 2025లో గిబ్స్ దగ్గర చేరి మొదటి ఏడాదే టైటిల్‌కు పోటీపడే చివరి నలుగురిలోకి వచ్చాడు.

కాంకర్డ్:

‘సీటు పోయింది’ బాగుంది. పిల్లలకు వెంటనే తెలుస్తుంది. అన్నట్టు డ్రైవర్ వెళ్లినా నంబరు వెంట రాదు. 2008లో డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ తండ్రి పెట్టిన టీమ్ వదిలి హెండ్రిక్‌కి వచ్చినప్పుడు 8వ నంబరు ఆ టీమ్ నడిపే సవతి తల్లి దగ్గరే ఉండిపోయింది. ఇక్కడ 88 తీసుకున్నాడు. బట్టలు, టోపీలు, కారు బొమ్మలు అన్నీ మళ్లీ కొనుక్కున్న అభిమానులు ఇక్కడ ఇప్పటికీ దొరుకుతారు.

ఇంకో చిక్కు. ఎవరు ఏ టీమ్‌కి వెళ్తారో అని పుకార్లు నడిచే కాలాన్ని వీళ్లు ‘సిల్లీ సీజన్’ అంటారు. తెలుగులో?

హైదరాబాద్:

అది పాత బ్రిటిష్ పత్రికల మాట. ఎండాకాలంలో పార్లమెంటుకు సెలవులు, వార్తలుండవు, పిచ్చి కబుర్లతో పేజీలు నింపేవారు. రేసులవాళ్లు దాన్ని తీసుకున్నారు. ‘పుకార్ల సీజన్’ అని వదిలేయండి, దీనికి అంతకంటే శ్రమ అక్కర్లేదు.

అసలు జాగ్రత్త పడాల్సింది వేరేచోట. మన పేపర్లకు ‘టైటిల్ రేసులో ముందున్నాడు’, ‘సీఎం రేసులో ముగ్గురు’ అని రాయడం అలవాటు. రేసుల వ్యాసంలో ఆ మాట వాడితే చదివేవాడు ట్రాక్ మీద ముందున్నాడనుకుంటాడు. ‘బరి’ వాడండి. “టైటిల్ బరిలో నలుగురు.”

తెనాలి:

బరి అంటే గీత, హద్దు. పందెం కోళ్లకు గీసేది. హద్దు దాటినవాణ్ణి బరితెగించాడు అనేది అందుకే.

డాలస్:

మాస్టారూ, ఆ మాటకు సరిపోయే మనిషి ఉన్నాడు! 2022 అక్టోబరు, మార్టిన్స్‌విల్. చివరి ల్యాప్‌లో రాస్ చాస్టెయిన్ బ్రేకు మాట మరిచి, ఫుల్ స్పీడులో కారును బయటి గోడకు ఆనించి మలుపు మొత్తం రాసుకుంటూ పోయాడు. అయిదుగురిని దాటాడు. టైటిల్‌కు పోటీపడే నలుగురిలో డెనీ హామ్లిన్‌కు రావాల్సిన చోటు ఇతనికి వచ్చింది. తర్వాతి ఏడాదికి నాస్కార్ అలా చేస్తే శిక్ష తప్పదంది. మీ వ్యాసంలో ‘గోడ’ కావాలంటే ఇతని దగ్గర పెట్టుకోండి.

కానీ ‘బరి’ తోనూ ఒక ఇబ్బంది ఉంది. 2014 నుంచి 2025 దాకా టైటిల్ బరిలో నలుగురే ఉన్నా, ఆ చివరి రేసులో మిగతా కార్లన్నీ పరుగెత్తేవి. నలుగురిలో ముందు వచ్చినవాడిదే టైటిల్. మొదటి తొమ్మిదేళ్లు టైటిల్ వచ్చినవాడే ఆ రేసూ గెలిచాడు కాబట్టి ఎవరికీ తేడా పట్టలేదు. 2023లో రేసు చాస్టెయిన్ గెలిచాడు, టైటిల్ రెండో స్థానంలో వచ్చిన రయాన్ బ్లేనీకి పోయింది. 2025లో రేసు బ్లేనీది, టైటిల్ మూడో స్థానంలో వచ్చిన కైల్ లార్సన్‌ది. కాబట్టి ‘ఫైనల్ గెలిచాడు’ అని రాస్తే తప్పు.

తెనాలి:

అలాంటప్పుడు ‘గెలిచాడు’ ఎందుకు? ‘దక్కింది’ అనండి.

డాలస్:

2025కి దానికంటే సరైన మాట లేదు. ఫీనిక్స్‌లో జరిగిన ఆ చివరి రేసులో హామ్లిన్ 208 ల్యాప్‌లు ముందుండి నడిపాడు. ఇంకో మూడు ల్యాప్‌లు ఉండగా విలియం బైరన్ టైరు పేలి, కార్లన్నీ నెమ్మదించాల్సిన పసుపు జెండా వచ్చింది. హామ్లిన్ నాలుగు టైర్లు మార్పించుకున్నాడు, లార్సన్ రెండే మార్పించుకుని ముందు బయటికొచ్చాడు. రేసులో ఒక్క ల్యాప్ కూడా ముందుండని లార్సన్‌కు రెండో టైటిల్ వచ్చింది. 2005 నుంచి గిబ్స్ టీమ్ వదలని హామ్లిన్, 60 రేసులు గెలిచినవాడు, టైటిల్ లేకుండానే ఆ సీజన్ ముగించాడు.

ఖమ్మం:

అయితే “లార్సన్‌కు దక్కింది, హామ్లిన్‌కు చేజారింది” అని రాయాలె. ‘దక్కించుకున్నాడు’ అని మాత్రం రాయకుండ్రి, పేపరోళ్లు అన్నిటికీ అదే వేస్తరు.

హైదరాబాద్:

ఆ పేపరోళ్లలో నేనూ ఒకణ్ణి. అయినా ఇక్కడ ‘దక్కించుకున్నాడు’ తప్పేం కాదన్నా. రెండు టైర్లతో బయటికి రావడం లార్సన్ వాళ్ల లెక్క. ఊరికే ఒళ్లో వచ్చి పడలేదు.

కాంకర్డ్:

రెండూ రాసి చూస్తాను. బుష్ వాక్యం ఇలా మార్చాం: “స్పాన్సర్ వెళ్లిపోవడంతో గిబ్స్ టీమ్‌లో సీటు నిలవక, కైల్ బుష్ 2023కి చిల్డ్రెస్ టీమ్‌లో కుదిరాడు.” ఇంకొకటి మిగిలింది. 2026 నుంచి ఆ నలుగురి పద్ధతి తీసేశారు, పదహారు మందికి చివరి పది రేసుల పాయింట్లు కలిపి చూస్తారు. పేరు మళ్లీ పాత ‘చేజ్’. మాలో ఒకరు ‘వేట’ అని రాశారు.

తెనాలి:

వేటలో ఒకడు పారిపోవాలి, మిగతావాళ్లు వెంటపడాలి. ఇక్కడ పదహారు మందీ వెంటపడేవాళ్లేగా. అది వాళ్లు పెట్టుకున్న పేరు, ‘చేజ్’ అనే ఉంచండి.