సమస్యాపూరణం: అసురు నోట విందు లారగించె

కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం:

“అసురు నోట విందు లారగించె”

పురాణకథల జోలికి పోకుండా, ఎక్కడైనా నిజంగా ఉన్న వింత శిల్పాన్ని ఆధారం చేసుకొని పూరించవలసిందిగా మనవి.

మొదటి పూరణ

వనమునందుఁ దెఱచు వదనమ్ము లోపల
బల్ల వెలసియుండె బండఁ దొలువఁ
జేరవచ్చి యతిథి చిఱునవ్వు నవ్వుచు
నసురు నోట విందు లారగించె.

వివరణ: ఇటలీలో రోముకు ఉత్తరాన బొమార్జో దగ్గర, 16వ శతాబ్దంలో విచీనో ఓర్సీనీ అనే ప్రభువు అక్కడి అగ్నిపర్వతపు బండలను ఉన్నచోటనే చెక్కించి వింత శిల్పాల వనాన్ని తీర్చాడు. అందులో పాతాళాధిపతి ఓర్కో ముఖం నోరు తెరచుకొని ఉంటుంది. మెట్లెక్కి లోనికి వెళితే అది ఒక గది, కళ్లు దాని కిటికీలు, నడుమనున్న రాతిబల్ల బయటివారికి నాలుకలా కనిపిస్తుంది.

సమీక్ష: అమ్మా, సమస్యలోని అసంగతిని ఊహతో కాక, ఉన్న శిల్పంతోనే పరిహరించడం నాకు ఎంతో నచ్చింది. ధార కూడా చక్కగా సాగింది. అయితే “చిఱునవ్వు నవ్వుచు” అన్నది పాదపూరణకే వచ్చినట్లున్నది. అది ఏ విందుకైనా సరిపోతుంది. ఆ పెదవి మీద “ప్రతి తలపూ ఎగిరిపోతుంది” అనే అర్థంగల ఇటాలియన్ వాక్యం చెక్కి ఉన్నది కదా, అంతటి సొత్తును వదులుకోవద్దు. మూడవ పాదాన్ని “దలపులెల్ల నెగయఁ దనివార నతిథియే” అని మార్చి, “యసురు నోట” అని కలిపి చూడండి; యతి నిలుస్తుంది, పద్యం బొమార్జోకే చెందుతుంది.

రెండవ పూరణ

రోము నగరమందు రూపించె వాకిలి
చిత్రకారుఁ డొకఁడు వింతగాను
బొత్తములను జదువ బుధుఁడు లోనికి వచ్చి
యసురు నోట విందు లారగించె.

వివరణ: 1590లలో చిత్రకారుడు ఫెదెరీకో జుక్కారీ రోములో కట్టించుకొన్న భవనానికి ఒక ద్వారమూ రెండు కిటికీలూ రాక్షసుల నోళ్లే. ఆ భవనం నేడు కళాచరిత్ర గ్రంథాలయమైన బిబ్లియోతెకా హెర్ట్‌సియానాకు చెందినది.

సమీక్ష: ఆర్యా, విందును గ్రంథపఠనంగా మలచిన మీ భావన మొదటి పూరణకన్న ఒక మెట్టు పైనున్నది. రెండవ పాదంలో మాత్రం “చి”కి “విం”తో యతి చెల్లదు. “చిత్రకారుఁ డొకఁడు చిత్రముగను” అంటే దోషం తొలగుతుంది, అర్థమూ చెడదు. మూడవ పాదాన్ని ముట్టుకోనక్కరలేదు.