డెవర్స్ వెళ్లిపోయాడు, బ్రెగ్‌మన్ గడప మీదున్నాడు. రెడ్ సాక్స్ థర్డ్ బేస్ ఎవరికివ్వాలి?

వూస్టర్_నాన్న

అందరికీ నమస్కారం. మాది తెనాలి, ఉండేది అమెరికాలో వూస్టర్ పక్కన ష్రూస్‌బరీలో. 2013లో బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ కప్పు గెలిచిన ఏడాది బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టాను. అప్పట్నుంచి ఏ సీజనూ వదల్లేదు. ఈ 2025 నవంబర్లో నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటుంది, మీ అందరి మాటా వినాలని రాస్తున్నాను.

అలెక్స్ బ్రెగ్‌మన్ మిగిలిన రెండేళ్ల కాంట్రాక్టు, అంటే 8 కోట్ల డాలర్లు, వద్దనుకుని ఫ్రీ ఏజెంట్ అయ్యాడు, అంటే ఇక ఏ జట్టుకైనా వెళ్లొచ్చు. మళ్లీ మనవాళ్లే ఇంకా పెద్ద కాంట్రాక్టు ఇచ్చి తెచ్చుకోవాలా, లేక థర్డ్ బేస్, అంటే మూడో బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే చోటు, మన కుర్రాడు మార్సెలో మేయర్‌కి ఇచ్చేయాలా?

నా మాట ముందే చెప్పేస్తాను. మేయర్‌కే ఇవ్వాలి. ఇస్తున్నామని ఆ కుర్రాడికి ఇప్పుడే, ముఖాముఖి కూర్చోబెట్టి చెప్పాలి. రెండోది జరగకపోతే మొదటిది చేసినా ఉపయోగం లేదని నా నమ్మకం.

ఎందుకంటే మన జట్టుకి డబ్బు తక్కువై మనుషులు పోలేదు. 2018లో 108 ఆటలు గెలిచి కప్పు కొట్టిన జట్టును గుర్తు చేసుకోండి. ఆ ఏడు ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు, అయిన మూకీ బెట్స్‌ని 2020 ఫిబ్రవరిలో డాడ్జర్స్‌కి పంపారు. బదులుగా వచ్చిన ముగ్గురిలో వెర్డుగో, డౌన్స్ ఎప్పుడో వెళ్లిపోయారు, క్యాచర్ వాంగ్ ఒక్కడే ఉన్నాడు. బెట్స్ అక్కడ 2020, 2024, 2025లో మూడు కప్పులు అందుకున్నాడు. 2022 డిసెంబర్లో బోగార్ట్స్ 28 కోట్ల డాలర్లకి శాన్ డియాగో వెళ్లాడు. నెల తిరక్కుండా మన థర్డ్ బేస్ ఆటగాడు డెవర్స్‌కి పదేళ్లకు 31.35 కోట్లు రాసిచ్చారు. హమ్మయ్య, ఒక్కణ్ణయినా నిలుపుకున్నాం అనుకున్నాం.

తర్వాత జరిగింది మీకు తెలుసు. 2025 ఫిబ్రవరిలో బ్రెగ్‌మన్‌ని తెచ్చారు. డెవర్స్‌ని గ్లవ్ పక్కన పెట్టి డీహెచ్‌గా, అంటే బ్యాటింగ్ మాత్రమే చేయమన్నారు. కష్టపడ్డాడు, ఒప్పుకున్నాడు. మే 2న ఫస్ట్ బేస్ ఆడే ట్రిస్టన్ కసాస్ మోకాలి టెండన్ తెగింది. ఇప్పుడు డెవర్స్‌ని ఫస్ట్ బేస్ ఆడమన్నారు. ఈసారి కుదరదన్నాడు. స్లిప్‌లో నిలబడేవాడికి సీజన్ మధ్యలో కీపింగ్ ప్యాడ్లు కట్టుకోమన్నట్టే అది. అతను మొండికేయడం సరైనదని నేను అనను. జట్టు కష్టంలో ఉన్నప్పుడు ముందుకు రావాల్సింది. కానీ ఫిబ్రవరిలో ఒక మాట, మేలో ఒక మాట చెప్పినవాళ్ల తప్పు అంతకంటే పెద్దది.

జూన్ 15, ఫాదర్స్ డే. మా అమ్మాయీ నేనూ రైలెక్కి లాన్స్‌డౌన్‌లో దిగి మన స్టేడియం ఫెన్వేకి వెళ్లాం. యాంకీస్ మీద 2-0, సిరీస్‌లో మూడూ మనవే, డెవర్స్ హోమ్ రన్ కొట్టాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపు ఫోన్లో వార్త: డెవర్స్‌ని శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి పంపేశారు. అమ్మాయి ఒంటి మీద 11వ నంబరు చొక్కా ఇంకా అలాగే ఉంది.

తనకి పదమూడేళ్లు. మూడేళ్లుగా టౌన్ సాఫ్ట్‌బాల్‌లో థర్డ్ బేస్. పోయిన వసంతంలో మొదటి ప్రాక్టీసుకి వెళ్తే లైనప్ కాగితం కంచెకి అంటించి ఉంది. స్కోరు పుస్తకంలో 5 అంటే థర్డ్ బేస్, 3 అంటే ఫస్ట్ బేస్. తన పేరు పక్కన ఎప్పుడూ 5 ఉండే చోట 3 ఉంది. ప్రాక్టీసంతా మాట్లాడలేదు. కార్లో సీటు బెల్టు పెట్టుకుంటూ, "నేను బాగా ఆడలేదా నాన్నా?" అంది. కోచ్ మంచి మనిషే. పొడుగు పిల్ల, చేయి బాగా సాగుతుందని ఆలోచించి పెట్టారట. ఆ ఒక్క మాట వారం ముందు ఫోన్లో చెప్పి ఉంటే పిల్ల గర్వపడేది.

ఫస్ట్ బేస్ మిట్ వేరే కొన్నాం. దానికి వేళ్లు విడివిడిగా ఉండవు, చేట లాగా పొడుగ్గా, అంచు వంగి ఉంటుంది. కొత్త తోలు చెక్కలా బిగుసుకుపోయి ఉంటే నూనె రాసి, మధ్యలో బంతి పెట్టి, రబ్బరు బ్యాండ్లతో కట్టి పరుపు కింద పెట్టి పడుకునేది. బంతి వంక చూస్తూనే వెనకనున్న బేస్‌ని పాదంతో వెతుక్కోవడం తనకి జూన్ దాకా రాలేదు. చూసేవాళ్లకి 'ఫస్ట్ బేసే కదా' అనిపిస్తుంది. పక్కనుండి చూస్తే తెలుస్తుంది అదెంత పనో.

మీరేమంటారు?

నాషువా_లెక్కలు

వూస్టర్ నాన్న గారూ, మీ అమ్మాయి సంగతి చదివి మనసుకి పట్టింది. అయినా డెవర్స్ విషయంలో మీతో ఏకీభవించలేను.

డెవర్స్‌ని పంపిన రోజుకి మనం 37 గెలుపులు, 36 ఓటములు. ఆ తర్వాత 52-37. జులైలో వరసగా పది గెలిచాం. 2021 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్లాం. డీహెచ్ స్థానం ఒక్కడి సొంతం కాకుండా పోవడంతో రోమన్ ఆంథోనీ, డురాన్, అబ్రేయు, రఫాయెలా నలుగురు అవుట్‌ఫీల్డర్లనీ మార్చి మార్చి ఆడించే వీలు కలిగింది. పైగా 25 కోట్లకు మించిన భారం జెయింట్స్ నెత్తికెత్తుకుంది. ఆంథోనీకి ఆగస్టులో ఎనిమిదేళ్లకి 13 కోట్లు ఇచ్చాం. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడి మీద పెట్టిన డబ్బు అది. దాన్ని తప్పనలేం కదా.

బదులుగా వచ్చిన నలుగురి సంగతి మాత్రం ఒప్పుకుంటాను. పిచర్ హిక్స్ వచ్చి పరుగులు ధారపోశాడు. హారిసన్ ఎక్కువ కాలం వూస్టర్లోని మన కింది స్థాయి (మైనర్ లీగ్) జట్టులోనే ఉన్నాడు. టిబ్స్‌ని ఆరువారాల్లో డస్టిన్ మే కోసం డాడ్జర్స్‌కి ఇచ్చేశారు, ఆ మే కూడా ఇప్పుడు ఫ్రీ ఏజెంట్. బేయో ఇంకా చిన్నవాడు, చూడాలి. ఆటగాళ్ల వరకే చూస్తే నష్టపోయాం. మిగిలిన డబ్బు ఎక్కడ పెడతారన్నదాని మీద ఉంది అసలు తీర్పు, అది ఈ చలికాలమే తేలుతుంది.

ఇక బ్రెగ్‌మన్. 2026 మార్చి 30కి 32 నిండుతాయి. ఈ ఏడు బ్యాటింగ్ సగటు .273, 18 హోమ్ రన్లు, కానీ తొడ గాయంతో 114 ఆటలే. నాలుగేళ్ల వరకు సరే, ఐదో ఏడు వద్దు. మీరు మేయర్ అంటున్నారు. 44 ఆటల్లో .228, ఆగస్టులో మణికట్టు ఆపరేషన్. ఏటా ఏదో ఒక గాయం. అతని ఒక్కడి మీద భారమంతా వేస్తే టెన్షన్ మనకే.

ఇంకో సంగతి. క్వాలిఫయింగ్ ఆఫర్, అంటే వెళ్లబోయే ఆటగాడికి పాత జట్టు ఇచ్చే ఒక ఏడాది కాంట్రాక్టు, ఒక ఆటగాడికి జీవితంలో ఒక్కసారే ఇవ్వగలరు, బ్రెగ్‌మన్‌కి అది 2024లో హ్యూస్టన్ ఇచ్చేసింది. అంటే అతను వెళ్లిపోతే మనకు బదులుగా డ్రాఫ్ట్ పిక్, అంటే కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే అవకాశం, కూడా రాదు. ఊరికే పోతాడు. అది ఆలోచించారా?

బే_ఏరియా_అక్క

నేను ఫ్రీమాంట్‌లో ఉంటాను, మా ఇంట్లో అందరం జెయింట్స్ వాళ్లమే. డెవర్స్ మా దగ్గరికొచ్చాక ఏమైందో చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

బోస్టన్‌లో వద్దన్న ఆ ఫస్ట్ బేసే మా దగ్గర జులైలో మొదలుపెట్టాడు. ఎవరూ పత్రికల ముందు పట్టుబట్టలేదు. వారాల తరబడి ఆట మొదలయ్యే ముందు నేల మీద దొర్లే బంతులు పట్టి నేర్చుకున్నాడు, ఆ తర్వాతే దించారు. మొదట్లో విసురు తన కుడి పక్కకి వస్తే కాళ్లు తడబడేవి, సెప్టెంబర్ కల్లా చాలా నయం. రెండు జట్లలో కలిపి 35 హోమ్ రన్లు, అందులో 20 మా చొక్కాలో. అయినా మేం 81-81 దగ్గరే ఆగాం. ఒక్కణ్ణి తెస్తే జట్టు తయారైపోదు, మాకు పిచింగ్‌లో లోటు అలాగే ఉంది.

తమ్ముడూ, నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం, చెప్పే పద్ధతిలోనే ఉంది. ఇప్పుడు అదే పరీక్ష మాకొచ్చింది. థర్డ్ బేస్‌లో మ్యాట్ చాప్‌మన్ ఉన్నాడు, 2030 దాకా కాంట్రాక్టు. ఫస్ట్ బేస్ కోసం బ్రైస్ ఎల్‌డ్రిడ్జ్ అనే ఆరడుగుల ఏడంగుళాల కుర్రాడు సెప్టెంబర్లోనే పైకొచ్చాడు. మరి డెవర్స్ ఎక్కడ? మళ్లీ డీహెచ్ అంటారా? మా జట్టు వ్యవహారాలు చూసే బస్టర్ పోసీ స్వయంగా కప్పులు గెలిచిన క్యాచర్, అప్పుడప్పుడూ తనూ ఫస్ట్ బేస్ ఆడినవాడే, ఆ బాధ ఏమిటో తెలిసిన మనిషి. ముందే పిలిచి మాట్లాడతాడని నా ఆశ.

ఉప్పల్_స్టాండ్

అన్నా, నేను హైదరాబాద్ నుంచి. మీ సాయంత్రం 7:10 ఆట మాకు తెల్లారి 4:40కి. అలారం పెట్టుకుని లేచి చూస్తాను.

ఇది చదువుతుంటే నాకు వార్నరే గుర్తొచ్చాడు. 2016లో మన సన్‌రైజర్స్‌కి ఐపీఎల్ కప్పు తెచ్చిన కెప్టెన్. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేశారు, తర్వాత పదకొండు మందిలోంచీ తీసేశారు. నారింజ చొక్కా వేసుకుని స్టాండ్స్‌లో జెండా ఊపుతుంటే టీవీ ముందు మా నాన్న లేచి వెళ్లిపోయాడు. ఆ ఏడు మనం అట్టడుగున. నవంబర్లో ఆస్ట్రేలియా టీ20 ప్రపంచ కప్పు గెలిస్తే ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ ఎవరు? వార్నరే. రషీద్ ఖాన్‌ని కూడా నిలుపుకోలేదు, వాడు గుజరాత్ వెళ్లి మొదటేడే కప్పు ఎత్తాడు.

అందుకే నేను వూస్టర్ అన్న వైపే. ఫామ్ పోతే తీసేయొచ్చు, అది ఆట. మనిషికి చెప్పే తీరు వేరే. ఒకటి అడగాలి: డురాన్‌ని కూడా అమ్మేస్తారంటున్నారు, నిజమేనా? వాడి పరుగు కోసమే సగం ఆటలు చూస్తాను.

వూస్టర్_నాన్న

ముగ్గురికీ ధన్యవాదాలు. లెక్కలు గారూ, 52-37 అన్నది కాదనలేను. కానీ ప్లేఆఫ్స్‌లో, అక్టోబర్ 2న యాంకీ స్టేడియంలో ఏమైంది? ఆ సిరీస్ మొదటి ఆట మన పిచర్ క్రోషే 117 బంతులు వేసి 11 మందిని స్ట్రైకౌట్ చేసి గెలిపించాడు. మూడో ఆటలో మనకి ఒక్క పరుగూ రాలేదు. ఎదుట పిచర్ ష్లిట్లర్ మన వాల్‌పోల్‌లో పెరిగిన కుర్రాడే, 12 స్ట్రైకౌట్లు. ఆంథోనీ గాయంతో బయట, కసాస్ బయట. ఆ రాత్రి లైనప్‌లో బంతిని గోడ దాటించే ఎడమచేతి బ్యాటర్ ఒక్కడుంటే అనిపించింది. అతన్ని జూన్‌లోనే పంపేశాం కదా.

డ్రాఫ్ట్ పిక్ సంగతి నేను ఆలోచించలేదు, మంచి మాట చెప్పారు. అయినా పోయే మనిషికి బదులు ఏమీ రాదన్న భయంతో అతనికి ముప్పై ఏడేళ్లు వచ్చేదాకా కాంట్రాక్టు రాయడం నాకు నచ్చదు. 2026కి లగ్జరీ ట్యాక్స్ గీత, అంటే జట్టు జీతాలు దాటితే పన్ను పడే హద్దు, 24.4 కోట్ల దగ్గరుంది. బ్రెగ్‌మన్‌కి ఏటా వెళ్లే ఆ డబ్బుని ఫస్ట్ బేస్‌కి, క్రోషే తర్వాత రెండో పిచర్‌కి పెట్టమంటాను. పీట్ అలోన్సో బజార్లోనే ఉన్నాడు, ఈ ఏడు 38 హోమ్ రన్లు. అతను వస్తే ఫస్ట్ బేస్ ప్రశ్న తీరుతుంది, మేయర్‌ని ఎవరూ కదపక్కర్లేదు. మేయర్ గాయాల మాట నిజమే. కానీ ఇవాళ థర్డ్, రేపు సెకండ్, ఎల్లుండి షార్ట్‌స్టాప్ అని తిప్పితే ఆ ఒళ్లు ఎప్పటికి కుదురుకుంటుంది?

ఉప్పల్ తమ్ముడూ, డురాన్ గురించి ఊహాగానాలే వస్తున్నాయి. అవుట్‌ఫీల్డ్‌లో మూడు స్థానాలకి నలుగురున్నారు, రఫాయెలా, అబ్రేయు ఇద్దరికీ ఈ ఏడు గోల్డ్ గ్లవ్‌లు, అంటే ఉత్తమ ఫీల్డర్ బహుమతులు, వచ్చాయి. ఎవరో ఒకరు కదలక తప్పదేమో. డురాన్‌ని పంపి మంచి పిచర్‌ని తెస్తే నేను బాధపడతాను, కానీ అర్థం చేసుకుంటాను. వార్త మాత్రం అతనికి ముందు జట్టువాళ్ల నోట తెలియాలి.

అక్కా, నేర్పి, తర్వాత దించారన్నావు చూడు, అదే మన దగ్గర క్రిస్టియన్ క్యాంప్‌బెల్‌కి జరగలేదు. ఏప్రిల్లో లీగ్‌లో బెస్ట్ రూకీ. ఎనిమిదేళ్లకి 6 కోట్ల కాంట్రాక్టు కూడా అప్పుడే. సెకండ్ బేస్, మధ్యలో అవుట్‌ఫీల్డ్, కసాస్ పడిపోయాక ఫస్ట్ బేస్ నేర్చుకోమన్నారు. బ్యాట్ చల్లబడింది, జూన్‌లో వూస్టర్‌కి దించేశారు. మళ్లీ పైకి రానేలేదు. ఆగస్టులో వూస్టర్ జట్టు మైదానం పోలార్ పార్క్‌లో ఫస్ట్ బేస్ వైపు కూర్చుని చూశాం. షార్ట్‌స్టాప్ విసిరిన ప్రతిసారీ ముందు బేస్ ఎక్కడుందో కిందికి చూసుకుని, తర్వాత బంతి వైపు తల ఎత్తుతున్నాడు. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని, "నాన్నా, నేను ఏప్రిల్లో అలాగే చేశాను" అంది.

వచ్చే వసంతంలో వూస్టర్ మొదటి వారం టికెట్లు తీసుకుంటాను. క్యాంప్‌బెల్ ఏ స్థానంలో నిలబడ్డాడో ఇక్కడే రాస్తాను.